టెస్లా తీగచుట్ట: నిప్పురవ్వ స్థానంలో అర్ధవాహకం

కళాశాలలలో జరిగే వైజ్ఞానిక ప్రదర్శనలలో సందర్శకులు ఎక్కువగా గుమిగూడే బల్ల ఏదంటే, టెస్లా తీగచుట్ట పెట్టిన బల్ల అనే చెప్పాలి. నిలువుగా నిలబెట్టిన గొట్టం, దాని చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టిన సన్నని రాగితీగ, పైన ఒక లోహపు గోళం, ఆ గోళం నుండి గాలిలోకి పాకే ఊదారంగు మెరుపులు, తీగ ఏదీ తగిలించకుండానే చేతిలో వెలిగే ట్యూబ్‌లైటు! ఇవి చూచి ఆశ్చర్యపడని వారుండరు. అయితే ఆ బల్లకింద, చూపరుల కంటికి ఆనకుండా, ఇంకొక మెరుపు ఉంటుంది. చెవులు గింగురుమనే శబ్దంతో, కళ్ళు చెదిరే తెల్లని వెలుగుతో రెండు లోహపు కడ్డీల నడుమ అదే పనిగా దూకే నిప్పురవ్వ అది. దానినే స్పార్క్ గ్యాప్ అంటారు. ఈ నిప్పురవ్వ ఉండవలసిన అవసరం ఇంకా ఉన్నదా, దాని స్థానంలో అర్ధవాహక స్విచ్చులను వాడడం మన విద్యార్థులకు మేలా కాదా అన్నది ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన విషయం.

తెలుగు బోధించే ఉపన్యాసకునికి ఈ చర్చతో ఏమి పని అని కొందరు ప్రశ్నించవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. ప్రదర్శనలలో యంత్రాల పక్కన నిలబెట్టే వివరణ పలకలు తెలుగులోనూ ఉర్దూలోనూ రాయవలసి వస్తుంది. వాటిని దిద్దవలసిన బాధ్యత భాషోపన్యాసకుల మీద పడుతుంది. వస్తువును అర్థం చేసుకోకుండా వాక్యాన్ని దిద్దడం సాధ్యం కాదు. అందుచేత ఈ యంత్రాన్ని గురించి నేను చదవవలసి వచ్చింది, భౌతికశాస్త్ర మిత్రులను విసిగించవలసి వచ్చింది. ఇంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఈ యంత్రం సరదా వస్తువు మాత్రమే కాదు. అజాగ్రత్తగా చేస్తే ప్రాణం తీయగలది. విద్యార్థుల క్షేమం ఏ ఒక్క శాఖకో చెందిన విషయం కాదు గదా!

ముందుగా యంత్రం పనిచేసే తీరును స్థూలంగా తెలుసుకోవడం అవసరం. పాత పద్ధతి తీగచుట్టలో ఒక హెచ్చు వోల్టేజి ట్రాన్స్‌ఫార్మరు ఒక కెపాసిటరును నింపుతుంది. కెపాసిటరు వోల్టేజి ఒక హద్దు దాటగానే స్పార్క్ గ్యాప్‌లోని గాలి అయనీకరణం చెంది, అంతవరకు బంధకంగా ఉన్నది కాస్తా వాహకంగా మారుతుంది. వెంటనే కెపాసిటరులోని శక్తి కొద్ది చుట్లు మాత్రమే ఉన్న ప్రధాన తీగచుట్టలోకి దూకి, అక్కడ డోలనాలు మొదలవుతాయి. సుమారు వేయి చుట్లు ఉండే గౌణ తీగచుట్ట కూడా అదే పౌనఃపున్యానికి శ్రుతి చేయబడి ఉంటుంది. రెండు వీణలను ఒకే శ్రుతిలో ఉంచి ఒకదాని తీగ మీటితే రెండవదాని తీగ తానుగా కదులుతుంది. ఇక్కడ జరిగేదీ అటువంటి అనునాదమే.

ఒక చిన్న లెక్క చూద్దాం. 0.01 మైక్రోఫారడ్ కెపాసిటరును 10,000 వోల్టులకు నింపితే అందులో నిలువ ఉండే శక్తి అర జౌలు. మన 50 హెర్ట్జ్ విద్యుత్తులో ప్రతి అర చక్రానికి ఒకసారి రవ్వ దూకుతుందనుకుంటే, సెకనుకు 100 సార్లు, అనగా 50 వాట్లు. గౌణ తీగచుట్ట, దాని పైనున్న గోళము కలిసి 20 పికోఫారడ్ల ధారిత కలిగి ఉన్నాయనుకుందాం. శక్తి ఏమాత్రం వృథా కాకుండా అటు చేరితే పైన 2 లక్షల 20 వేల వోల్టులకు పైగా రావాలి. కాని ఆచరణలో అంత రాదు. ఎందుకు రాదు? కారణాలలో ప్రధానమైనది ఆ నిప్పురవ్వే. శక్తిలో కొంత రవ్వ దగ్గరనే వేడిగాను, వెలుగుగాను, శబ్దంగాను కరిగిపోతుంది. ప్రేక్షకులు దేనిని చూచి యంత్రం బలమనుకొంటున్నారో అది నిజానికి యంత్రానికి జరుగుతున్న నష్టం. శబ్దం శక్తికి కొలత కాదు. ఈ మాట యంత్రాలకే గాక ఇంకా చాలా వాటికి వర్తిస్తుంది.

నిప్పురవ్వ లోపాలు ఇంతటితో ఆగవు. రవ్వ మొదలయ్యే క్షణం మన చేతిలో లేదు. గాలిలోని తేమను బట్టి, కడ్డీల అరుగుదలను బట్టి అది మారుతూ ఉంటుంది. రవ్వ ఆగే క్షణమైతే అసలే మన చేతిలో లేదు. ప్రధాన తీగచుట్టలోని శక్తి గౌణ తీగచుట్టకు చేరగానే రవ్వ ఆరిపోవాలి. ఆరకపోతే వెళ్ళిన శక్తి మళ్ళీ వెనుకకు వస్తుంది, ఊయలవలె అటూ ఇటూ తిరిగి రవ్వలోనే నశిస్తుంది. పైగా మండే రవ్వ ఓజోను వాయువును, నైట్రోజను ఆక్సైడులను పుట్టిస్తుంది. అతినీలలోహిత కిరణాలను వెదజల్లుతుంది. మూసిన గదిలో గంటసేపు నడిపితే గొంతు మండుతుంది. విశాలమైన పౌనఃపున్యాల మేర రేడియో అలజడిని కలిగించి ఇరుగు పొరుగు రేడియోలకు గరగర శబ్దాన్ని కానుకగా పంపుతుంది.

ఈ లోపాలు కొత్తగా కనిపెట్టినవి కావు. నికోలా టెస్లాకే ఇవి బాగా తెలుసు. ఆయన 1891లో ఈ పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందిన తరువాత చాలాకాలం ఆ రవ్వను అదుపులో పెట్టడానికే శ్రమించాడు. అయస్కాంతంతో రవ్వను ఊదివేయడానికి ప్రయత్నించాడు, గాలిని వేగంగా పంపి చూచాడు, తిరిగే చక్రాలు పెట్టాడు, పాదరసంతో పనిచేసే స్విచ్చులకు 1898 ప్రాంతాలలో వరుసగా పేటెంట్లు తీసుకొన్నాడు. కనుక నిప్పురవ్వ లేకపోతే అది అసలైన టెస్లా తీగచుట్ట కాదనే వాదం టెస్లా చరిత్రకే విరుద్ధం. ఆయన వెతికినది మంచి స్విచ్చి కోసం; తన కాలంలో దొరికినది నిప్పురవ్వ. ఆయన 1943 జనవరిలో కన్నుమూశాడు. ట్రాన్సిస్టరు 1947 డిసెంబరులో పుట్టింది. నడుమ ఐదేళ్ళు కూడా లేవు.

మన దేశపు శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోసును ఇక్కడ తలచుకోవడం ఉచితం. 1895లో కలకత్తాలో ఆయన నిప్పురవ్వతో పుట్టించిన విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, దూరాన గంట మోగించి చూపాడు. ఆ తరంగాలను పట్టుకొనడానికి ఆయన పరిశోధించిన వస్తువులలో గెలీనా అనే సీసపు ఖనిజ స్ఫటికం ఒకటి. దానికి 1901లో దరఖాస్తు పెట్టి 1904లో అమెరికా పేటెంటు పొందాడు. అర్ధవాహక సాధనానికి లభించిన తొలి పేటెంటుగా దానిని చెబుతారు. అంటే నిప్పురవ్వ ఒక చేత, అర్ధవాహకం మరొక చేత పట్టుకొన్న మహనీయుడు మన దేశంలోనే ఉన్నాడన్నమాట. తరువాత ప్రపంచమంతా రవ్వ నుండి తరలిపోయింది. ఓడలలో నిప్పురవ్వ టెలిగ్రాఫు యంత్రాలు ఎందరి ప్రాణాలనో కాపాడిన మాట నిజమే. అయినప్పటికీ, ఒకరి సందేశాన్ని మరొకరి సందేశం చెడగొట్టే స్థితి రావడంతో 1927 వాషింగ్టన్ అంతర్జాతీయ సమావేశం ఆ పద్ధతిని క్రమంగా తొలగించడానికి నిర్ణయించింది. ఉపకారం చేసిన సాధనమైనా, కాలం తీరిన తరువాత సగౌరవంగా పక్కకు తప్పుకోవలసిందే.

ఇక అర్ధవాహక స్విచ్చుల సంగతి. నేడు ఈ పనికి వాడేవి ప్రధానంగా రెండు: మాస్‌ఫెట్, ఐ.జి.బి.టి. మొదటిదానిని 1959లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో, ఈజిప్టులో జన్మించిన మొహమద్ అటల్లా, కొరియాలో జన్మించిన డావాన్ కాంగ్ కలిసి తయారు చేశారు. రెండవదాని అభివృద్ధిలో అగ్రగణ్యుడు జయంత్ బాలిగా. ఆయన మద్రాసు ఐ.ఐ.టి.లో 1969లో పట్టా పుచ్చుకొని, అమెరికాకు వెళ్ళి జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో 1980 ప్రాంతాలలో ఈ సాధనాన్ని రూపొందించాడు. మన విద్యార్థులు ఈ పేర్లను తప్పక తెలుసుకోవాలి. విజ్ఞానం ఒక జాతి సొత్తు కాదనడానికి, కైరో నుండి, సియోల్ నుండి, మద్రాసు నుండి వెళ్ళిన యువకులు కూడా ప్రపంచాన్ని నడిపే సాధనాలను తయారుచేయగలరనడానికి ఈ చిన్న నల్లని ముక్కలే సాక్ష్యం.

వీటిని తీగచుట్టలో వాడే తీరు ఇట్లా ఉంటుంది. ఇంటి విద్యుత్తు 230 వోల్టులను ఏకముఖం చేస్తే సుమారు 325 వోల్టులు వస్తుంది. రెండో నాలుగో స్విచ్చులను బ్రిడ్జిగా అమర్చి, ఆ వోల్టేజిని ప్రధాన తీగచుట్టకు ఒకసారి ఇటు, ఒకసారి అటు, సెకనుకు లక్షల సార్లు మార్చి ఇస్తారు. నిప్పురవ్వ ఒక్క పెద్ద దెబ్బతో చేసే పనిని ఇవి అనేక చిన్న తోపులతో చేస్తాయి. ఊయలను ఒక్కసారి బలంగా నెట్టడానికి, సరైన సమయంలో పదిసార్లు మెల్లగా తోయడానికి ఉన్న తేడా వంటిదే ఇది. ఆ సరైన సమయం ఎవరు చెబుతారు? గౌణ తీగచుట్టే చెబుతుంది. దాని అడుగున ప్రవహించే విద్యుత్తు నుండి చిన్న సంకేతాన్ని తీసి స్విచ్చులకు అందిస్తే, అవి దాని లయనే అనుసరిస్తాయి. మెరుపు పొడవు పెరిగినా, ఎవరైనా దగ్గరకు చేయి చాచినా తీగచుట్ట పౌనఃపున్యం కొంచెం తగ్గుతుంది. నిప్పురవ్వ యంత్రం దీనిని గమనించలేదు. అర్ధవాహక యంత్రం వెంటనే సర్దుకొంటుంది. ప్రవాహం శూన్యమైన క్షణం చూచి స్విచ్చి మార్చగలగడం వలన వేడి కూడా తగ్గుతుంది. ఇక మెరుపులను సెకనుకు ఎన్నిసార్లు పుట్టించాలో మన ఇష్టం. 240 సార్లయితే ఒక స్వరం, 480 సార్లయితే పై స్థాయిలో అదే స్వరం. మెరుపు చేత సరిగమలు పలికించవచ్చును.

ఈ మార్పు ఎక్కడో విదేశాలలో జరుగుతున్నదని అనుకోవద్దు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుండి బయటికి వచ్చి తార్నాక చౌరస్తాలో నిలబడితే చాలు. 2017 నవంబరు నుండి అక్కడ తల మీదుగా మెట్రో రైలు పరుగెత్తుతున్నది. స్టేషను విడిచి వేగం అందుకొనేటప్పుడు వినిపించే సన్నని ఈల వంటి నాదం దాని మోటార్లను నడిపే అర్ధవాహక స్విచ్చుల పుణ్యమే. ఆ పక్కనే లాలాగూడ విద్యుత్ లోకో షెడ్డులో వేల గుర్రాల బలం గల రైలింజన్లను చూచుకొంటారు. వాటి మోటార్లకు కూడా విద్యుత్తును తగిన మోతాదులో అందించేవి అర్ధవాహకాలే. వీధిలోని స్కూటరు మెకానిక్కును అడగండి. పూర్వం స్కూటరు మొరాయిస్తే "పాయింట్లు" గీకి శుభ్రం చేసేవారు. ఆ పాయింట్లు రవ్వలు చిమ్ముతూ అరిగిపోయే స్విచ్చులే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చిన తరువాత పాయింట్ల మాటే లేదు. ఇంట్లో ట్యూబ్‌లైటుకు ఎలక్ట్రానిక్ చోక్ వచ్చి స్టార్టరును సాగనంపింది. స్టార్టరు పోయిందని ఎవరూ విచారించలేదు. వంటింట్లో ఇండక్షన్ స్టవ్వు ఉన్నవారి ఇంట ఐ.జి.బి.టి. రోజూ పప్పు ఉడికిస్తున్నది. ఈ ప్రాంతానికి కొద్ది దూరంలోనే 1967లో ఏ.ఎస్. రావుగారి నాయకత్వంలో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసింది. ఇన్నిటి నడుమ నివసిస్తూ, మన ప్రదర్శనలలో మాత్రం పాత కాలపు నిప్పురవ్వనే శాస్త్రమని చూపడం ఎంతవరకు సమంజసం?

అవతలి పక్షం వాదాన్ని కూడా న్యాయంగా వినాలి. వారి మొదటి మాట: నిప్పురవ్వ మొండిది, అర్ధవాహకం సుకుమారి. ఇది ముమ్మాటికీ నిజం. రెండు మేకులను దగ్గరగా బిగిస్తే స్పార్క్ గ్యాప్ తయారవుతుంది. వెయ్యి తప్పులు చేసినా సహిస్తుంది. మాస్‌ఫెట్ ద్వారం మీద 20 వోల్టులు దాటితే దానికి ఆపద మొదలవుతుంది. బ్రిడ్జిలోని పై స్విచ్చి, కింది స్విచ్చి ఒక్క మైక్రోసెకను ఒకేసారి తెరుచుకొన్నా రెండూ పేలిపోతాయి. రెండవ మాట: ఖర్చు. కాలిన ప్రతి ముక్కకూ మళ్ళీ కోఠిలోని గుజరాతీ గల్లీకి పరుగెత్తాలి, పేద విద్యార్థి జేబు అందుకు చాలదు. మూడవ మాట అన్నిటికంటె బలమైనది: నిప్పురవ్వ కంటికి కనబడుతుంది, అర్ధవాహకం కనబడదు. కన్నది నేర్చుకొన్నట్లు కననిది నేర్చుకోలేము.

మొదటి మాటకు నా సమాధానం ఇది. తప్పును సహించే సాధనం వినోదానికి మంచిది. తప్పును వెంటనే చూపే సాధనం విద్యకు మంచిది. ముక్క పేలినప్పుడు విద్యార్థి ఎందుకు పేలిందని అడగక తప్పదు. ఆ ప్రశ్నతోనే చదువు ప్రారంభమవుతుంది. రెండవదానికి సమాధానం మన ఎలక్ట్రీషియన్ల దగ్గరే ఉంది. వారు మరమ్మతు చేసిన ప్రతి వస్తువును మొదట సిరీస్ బల్బు ద్వారా పరీక్షిస్తారు. యంత్రంతో వరుసగా ఒక మామూలు తంతువు బల్బు కలిపితే, లోపల తప్పు ఉన్నప్పుడు బల్బు వెలుగుతుంది, ముక్క చాలావరకు బతికిపోతుంది. బల్బు ఖరీదు ఎంత? పైగా పాడైన ఇండక్షన్ స్టవ్వులలో, ఇన్వర్టర్లలో పనికివచ్చే ముక్కలు ఎన్నో దొరుకుతాయి. మూడవ మాటకు సమాధానం ప్రయోగశాలలోని సి.ఆర్.ఓ. దాని తెర మీద డోలనాలను, స్విచ్చి మారే క్షణాన్ని, శక్తి పెరిగే తీరును స్పష్టంగా చూడవచ్చును. నిప్పురవ్వ తనంతట తాను అరిచి చెబుతుంది. అర్ధవాహకాన్ని మనం అడిగి తెలుసుకోవాలి. అడగడం నేర్పడమే కళాశాల చేయవలసిన పని.

ఇప్పుడు ఈ వ్యాసంలోని ప్రధాన విషయానికి వస్తాను. అర్ధవాహకమంటే ప్రమాదం లేనిదని ఎవరూ పొరబడరాదు. 325 వోల్టులు నిలువచేసుకొన్న కెపాసిటరు, తీగ పీకివేసిన తరువాత కూడా మనిషిని చంపగలదు. టెస్లా మెరుపు చర్మం మీదుగానే పోతుంది గనుక హాని లేదనే ప్రచారం కూడా నమ్మదగినది కాదు. హెచ్చు పౌనఃపున్యం నరాలకు తెలియకపోవడం చేత నొప్పి తక్కువగా ఉండవచ్చు గాని, శరీరం లోపల కాలకుండా ఉండదు. నొప్పి లేకపోవడం క్షేమానికి గుర్తు కాదు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు ఈ యంత్రాల దరిదాపులకు రాకూడదు.

అయినా రెండింటి మధ్య ఒక పెద్ద భేదం ఉంది. అర్ధవాహక మార్గంలో 12 వోల్టుల దగ్గర మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎదగవచ్చును. నిప్పురవ్వ మార్గంలో మొదటి మెట్టే వేల వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ వేల వోల్టులు ఎక్కడి నుండి వస్తాయి? నియాన్ బోర్డుల ట్రాన్స్‌ఫార్మర్లు దొరకడం కష్టం కావడంతో, వీడియోలు చూచి కొందరు యువకులు పాత మైక్రోవేవ్ ఓవెన్ల ట్రాన్స్‌ఫార్మర్లను పాత సామాన్ల దుకాణాల నుండి తెచ్చుకొంటున్నారు. ఆ ట్రాన్స్‌ఫార్మరు సుమారు 2,000 వోల్టులు ఇస్తుంది. వోల్టేజి కంటె భయంకరమైనది దాని ప్రవాహ సామర్థ్యం. తగిలితే సాధారణంగా రెండవ అవకాశం ఉండదు. దానితో చెక్క మీద బొమ్మలు కాల్చబోయి విదేశాలలో అనేకులు ప్రాణాలు కోల్పోయారు. ఇంట్లో ఈ.ఎల్.సి.బి. ఉన్నది గదా అని ధైర్యం చెప్పుకొనేవారు ఒక విషయం గ్రహించాలి: ట్రాన్స్‌ఫార్మరుకు అవతలి పక్కన మనిషి గుండా ప్రవహించే విద్యుత్తును ఇవతలి పక్కనున్న ఈ.ఎల్.సి.బి. గుర్తించలేదు.

ఈ ప్రమాదాన్ని తలచి పెద్దలు సాధారణంగా చేసే పని ఒకటి ఉంది. టెస్లా తీగచుట్టను ప్రదర్శన నుండి నిషేధిస్తారు. కమిటీ పెద్దల భయం సహేతుకమైనదే. వారి మీద తల్లిదండ్రులు ఉంచిన నమ్మకం చిన్నది కాదు. కాని నిషేధం వలన కుతూహలం చావదు, చోటు మార్చుకొంటుంది. కళాశాలలో పదిమంది ముందు, ఉపన్యాసకుని పర్యవేక్షణలో జరగవలసిన ప్రయోగం, తార్నాకలోనో మరెక్కడో అద్దెగదిలో, అర్ధరాత్రి, ఒంటరిగా జరుగుతుంది. అక్కడ స్విచ్చి ఆపడానికి రెండవ మనిషి ఉండడు. నిషేధించిన వారి చేతులు శుభ్రంగానే ఉంటాయి. కాని పిల్లవాని చేతులు? కనుక నిషేధం కాక, దారి చూపడమే శ్రేయస్కరమని నా దృఢాభిప్రాయం.

ఆ దారి ఎట్లా ఉండాలో కొన్ని సూచనలు మనవి చేస్తాను. ప్రయోగశాలలో ఒక బల్లను ఇందుకు ప్రత్యేకించాలి. దానికి విడిగా ఫ్యూజు, అందరికీ అందేటట్లు పెద్ద స్విచ్చి, విద్యుత్తును వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు, ఒక సిరీస్ బల్బు ఉండాలి. ఇద్దరు లేనిదే యంత్రానికి విద్యుత్తు ఇవ్వకూడదు. ఇంటి ఎర్తుకు, నీటి గొట్టానికి తీగచుట్టను తగిలించకూడదు. దానికి వేరే ఎర్తు పాతాలి. కెపాసిటరును ప్రతిసారీ నిరోధకం గల కడ్డీతో ఖాళీచేసిన తరువాతనే ముట్టుకోవాలి. మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మరును కళాశాల ఆవరణలోకి రానీయకూడదు. నిప్పురవ్వ యంత్రం ఒకటి చరిత్రకు గుర్తుగా ఉండవచ్చును. దానిని మూసిన పెట్టెలో ఉంచి, తాళంచెవి భౌతికశాస్త్ర ఉపన్యాసకుని దగ్గర పెట్టి, ఏడాదికి ఒకటి రెండుసార్లు, కొద్ది సెకన్లు నడిపి చూపితే చాలు. విద్యార్థులు తమ చేతులతో చేసేది మాత్రం అర్ధవాహక యంత్రమే కావాలి. ఈ ఏర్పాట్లకు అయ్యే ఖర్చు, ప్రదర్శన నాటి షామియానాకు, పూలదండలకు అయ్యే ఖర్చును మించకపోవచ్చును.

విద్యార్థినీ విద్యార్థులకు నేను చెప్పదలచినది మెట్ల క్రమం. మొదటి మెట్టు ఒక్క ట్రాన్సిస్టరు. రెండంగుళాల పి.వి.సి. గొట్టం మీద, మోటారు వైండింగు షాపులో దొరికే ఎనామెల్ తీగను ఓపికగా కొన్ని వందల చుట్లు చుట్టండి. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టడమే ఒక విద్య. దాని అడుగున మందపాటి తీగ నాలుగైదు చుట్లు. ఒక ట్రాన్సిస్టరు, ఒక నిరోధకం, 12 వోల్టుల సరఫరా. సరిగా పనిచేస్తే దగ్గరకు తెచ్చిన చిన్న ట్యూబ్‌లైటు వెలుగుతుంది. వెలగకపోతే ప్రధాన తీగచుట్ట కొసలు తారుమారు చేసి చూడండి. ట్రాన్సిస్టరు వేడెక్కితే ఆపండి. రెండవ మెట్టు రెండు మాస్‌ఫెట్ల బ్రిడ్జి, 24 నుండి 40 వోల్టుల వరకు. ఈ మెట్టు మీద కనీసం ఒక సంవత్సరం నిలవండి. సి.ఆర్.ఓ. తెర మీద కనబడిన ప్రతి తరంగాన్ని నోటు పుస్తకంలో గీయండి, కాలిన ప్రతి ముక్కకు కారణం రాయండి. ఇంటి విద్యుత్తుతో నడిచే మూడవ మెట్టు గురువు సమక్షంలో తప్ప ఎక్కరాదు. బజారులో తయారుగా దొరికే కిట్టును తెచ్చి ప్రదర్శించి బహుమతి పొందడం కంటె, అరచేతి వెడల్పు వెలుగునిచ్చే సొంత యంత్రాన్ని వివరించగలగడం వేయిరెట్లు గౌరవప్రదం. ప్రదర్శనల న్యాయనిర్ణేతలు కూడా మెరుపు పొడవును కాక, విద్యార్థి నోటు పుస్తకాన్ని చూచి మార్కులు వేయాలి.

భాషను గురించి ఒక మాట చెప్పక ముగించలేను. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను బోధించడానికి పూనుకొన్నప్పుడు, 1917లో దారుల్ తర్జుమా ఏర్పడి శాస్త్ర గ్రంథాలను అనువదించి వేలాది పదాలను సృష్టించింది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి మన భాషలో ఆ పని చేసింది. ఈ యంత్రంలోని ముఖ్యమైన మాటను చూడండి. తెలుగులో అర్ధవాహకం; ఉర్దూలో నీమ్ మూసిల్. నీమ్ అంటే సగం, మూసిల్ అంటే వాహకం. రెండు భాషలూ ఒకే భావాన్ని ఒకే తీరుగా కట్టుకొన్నాయి. తార్నాక పేరులోనే తార్ ఉంది. తార్ అంటే తీగ. రెండు భాషల విద్యార్థులు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే యంత్రాన్ని వివరించే అవకాశం మన కళాశాలవంటి చోట ఉన్నంతగా ఇతర చోట్ల లేదు. ఒకరు తెలుగు పలక రాస్తే, ఒకరు ఉర్దూ పలక రాయాలి. ఒకరు రాసినది మరొకరు చదివించుకొని అర్థం చేసుకోవాలి. తన మాతృభాషలో వివరించలేనిదానిని విద్యార్థి పూర్తిగా గ్రహించలేదనే నేను అనుకొంటాను.

సారాంశం ఇది. నిప్పురవ్వ మనకు విద్యుత్ తరంగాలను చూపింది, రేడియోకు ప్రాణం పోసింది. దానికి మనం కృతజ్ఞులమై ఉండాలి. కాని కృతజ్ఞత వేరు, అనుసరణ వేరు. రేపు మన విద్యార్థులు ఉద్యోగాలకు వెళ్ళే చోట, రైలు షెడ్డులోనైనా, సౌరవిద్యుత్ కర్మాగారంలోనైనా, విద్యుత్ వాహనాల మరమ్మతు శాలలోనైనా, వారి చేతికి వచ్చేవి అర్ధవాహక స్విచ్చులే. వాటితో పరిచయం వారికి ఇక్కడే, క్షేమంగా, పెద్దల కనుసన్నలలో కలగాలి. కమిటీ పెద్దలు ఒక బల్లను, ఒక చిన్న మొత్తాన్ని, ఒక నియమావళిని మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. విద్యార్థులు ఆ నియమావళిని అక్షరాలా పాటించవలసిందిగా కోరుతున్నాను. ప్రయోగం ముగిసిన తరువాత ఇంటికి క్షేమంగా చేరే విద్యార్థి కంటె గొప్ప ప్రదర్శన వస్తువు ఏ కళాశాలకూ లేదు.